రొద లేని ఫైలు

పదేళ్ళ తరవాత కోడలికి ఒక పని దొరికేలా ఉంది. నవలలు చదివించి రికార్డు చేసే స్టూడియోవాళ్ళు ఆమె గొంతు బాగుందన్నారు, ఇంట్లోనే చదివి పంపమన్నారు. తీరా పంపితే మొదటి అధ్యాయాన్నే రెండుసార్లు తిప్పికొట్టారు. వెనకాల ఏదో బుయ్యిమంటోందట. అనక ఏం చేస్తుంది? పక్కగదిలో అత్తగారి ఆక్సిజన్ మిషను పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది. మూడోసారీ ఇలాగే వస్తే ఇంకొకరిని చూసుకుంటామని స్టూడియో మేనేజరు మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా పెట్టినా వాత వాతే.

రొద తీసెయ్యడానికి సాఫ్ట్‌వేర్‌లో దారి లేకపోలేదు. మిషను చప్పుడొక్కటే ఉన్న పది సెకన్ల ముక్కను దానికి చూపిస్తే, ఆ చప్పుడును ఫైలంతా వెతికి ఏరేస్తుంది. ఆ పది సెకన్లే గగనమయ్యాయి. చదవబోయే ముందు తలుపేశావా అని, ఆపగానే గొంతెండిపోలేదూ అని, అత్తగారు గోడ అవతల నుంచి పలకరిస్తూనే ఉంటుంది. ప్రేమే, కాదనడానికి లేదు. అయినా అత్తగారిని కాస్త నోరు మూసుకోమని ఏ కోడలు చెప్పగలదు? చెప్పలేక, మిషను రొదవల్ల పని చేజారేలా ఉందని వంటింట్లో భర్త దగ్గర గొణిగింది. ముక్కుకి గొట్టముంటేనేం, ఆవిడవి పాము చెవులు.

మర్నాడు పొద్దున మూడోసారి చదివింది. విచిత్రం, ఈసారి ఒక్క పలకరింపూ రాలేదు. ఫైలు తెరిచి చూస్తే, రొద ఉండాల్సిన చోట తెరమీద గీత చదునుగా ఉంది. హెడ్‌ఫోన్లలో సౌండు పెంచినా ఏమీ లేదు. ఈసారి మైకును గోడకు దూరంగా జరపడం కలిసొచ్చింది కాబోలు, వెతకబోయిన తీగ కాలికి తగిలిందని పొంగిపోయింది. చివరన ఖాళీ ముక్క కోసేసి పంపుదామని ఫైలు కొసకు వెళ్ళింది. తన గొంతు ఆగింది. కుర్చీ జరిగింది. ఆపైన పక్కగదిలో టక్కుమని స్విచ్చి, మిషను మొదలయ్యేటప్పుడు వేసే పొడుగాటి కూత, దాని వెనకే ఆ బుయ్యి. ఇందాక మనసంతా పేజీమీదే ఉండి ఇదేదీ పట్టించుకోనేలేదు.

అంటే తను చదివినంతసేపూ మిషను ఆగే ఉందన్నమాట. ఫైలు నిడివి ఇరవై రెండు నిమిషాలు.

పరుగెత్తింది. అత్తగారు గొట్టం పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది. పెదవులు మాత్రం ఇంకా నీలంగానే ఉన్నాయి. కోడలు ఆవిడ వేలికి ఆక్సిజన్ చూసే మీటరు తగిలించి, అంకె పైకొచ్చేదాకా కళ్ళార్పకుండా చూసింది. వచ్చాక, పెళ్ళయినప్పటినుంచీ ఎత్తని గొంతు ఎత్తింది. ప్రాణాలతో చెలగాటాలా అని చెడామడా తిట్టింది. ఆవిడ అంతా విని, ఆయాసం తీర్చుకుంటూ అంది.

"పదేళ్ళు నన్ను కనిపెట్టుకుని కూర్చున్నావు. నీ కోసం నేను ఇరవై నిమిషాలు కూర్చోలేనా?"

కోడలు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని భోరుమంది. కన్నతల్లి కూడా ఇంత చేసి ఉండేది కాదనిపించింది. కాసేపటికి లేచి, లాప్‌టాప్ తెచ్చి ఆవిడ కళ్ళముందే ఆ ఫైలు చెరిపేసింది. అత్తగారు లబోదిబోమంది, తన ఆయాసమంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని.

"మీ మేలు ఎప్పటికీ మరిచిపోను అత్తయ్యా. కానీ మీరు ఆపాల్సింది మిషను కాదు," అని కోడలు తెగించింది. "నోరు. పది సెకన్లు చాలు."

అత్తగారు నివ్వెరపోయి, నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. ఈ ముక్క మొదటిరోజే చెప్పి చావొచ్చుగా అని కోప్పడింది.

ఇరవై నిమిషాలు ఆక్సిజన్ మానిన మనిషికి పది సెకన్లు మాట మానడం బ్రహ్మప్రళయమైంది. ఏడో సెకనుకే అయిందా అని అడిగేసేది. నాలుగోసారికి కుదిరింది. మిషను తిరుగుతుండగానే కోడలు అధ్యాయం మళ్ళీ చదివి, ఆ పది సెకన్ల ముక్కతో రొద ఏరించి పంపింది.

అధ్యాయం బాగుందని, మిగతావి కూడా పంపమని మేనేజరు రాశాడు. వెనకాల సన్నగా ఏదో మిగిలింది గాని వినేవాళ్ళకు తెలియదులెమ్మన్నాడు. కోడలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు మొత్తం పెంచి, ఆ సన్నటి బుయ్యిని మొదటినుంచి చివరిదాకా విన్నది. అది ఎక్కడా ఆగలేదు.