సుగుణమ్మ ఒప్పుకున్న సున్నా

పప్పులో ఉప్పు దగ్గర్నుంచి ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలన్నదాకా సుగుణమ్మకూ సామ్యేలు మాస్టారికీ ఒక్కనాడూ కుదిరి చావలేదు. పిల్లల రాతలు దిద్దే దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. గుంటూరు వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, తార్నాకలో స్థిరపడ్డ జంట. రిటైరయ్యాక, యూనివర్సిటీలో పిల్లల కోసం ఏ కొత్త పరీక్ష తయారుచేసినా, అది పనికొస్తుందో లేదో తేల్చడానికి వీళ్ళనే పిలిచేవాళ్ళు.

పద్ధతి సులువే. ఒకే పిల్ల రాసిన జవాబును ఇద్దరూ విడివిడిగా చదివి, ఒకరిది ఒకరు చూడకుండా నాలుగుకి ఇన్నని మార్కులు వెయ్యాలి. ఇద్దరి మార్కులూ కలిస్తే పరీక్ష మంచిది. కలవకపోతే తప్పు పరీక్షదే అనుకుని దాన్ని పక్కన పడేస్తారు.

ఈసారి పరీక్ష నరహరిది. పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు, నాలుగో తరగతి పిల్లల కోసం తయారుచేశాడు. మొదటి కట్ట దిద్దాక సుగుణమ్మను వరండాలోకి పిలిచాడు. ముఖం వాడిపోయి ఉంది.

“మేడమ్, మీ మార్కులు, సార్ మార్కులు సగం గూడ కలుస్తలేవు. టెస్టే ఖరాబున్నట్టున్నది. రెండేండ్ల మెహనత్ మేడమ్! ఇంకో యాభై పేపర్లిస్తా. అవి గూడ కలవకుంటే ఇగ దీన్ని పక్కకు పెట్టుడే.”

తప్పు పరీక్షది కాదని సుగుణమ్మకు అక్కడికక్కడే తెలిసిపోయింది. మొన్న ఒకే సాయంత్రం మాస్టారు మూడుసార్లు వెళ్ళి మూడు పెరుగు ప్యాకెట్లు తెచ్చారు. “నువ్వే కదే లేదన్నావు” అని పైగా దబాయింపు ఒకటి. వయసు మీద పడిందిలే అని నవ్వేసి ఊరుకుంది, పిచ్చి తల్లి. ఇప్పుడేం చెయ్యాలి? నిజం చెబితే ఆయన్ని మళ్ళీ ఎవరూ పిలవరు. చేతిలో ఎర్ర పెన్నుతో ఆ బల్ల ముందు కూర్చున్నంతసేపే ఆయన మునుపటి సామ్యేలు మాస్టారు. అదీ పోతే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది?

అందుకని, జన్మలో చెయ్యని పని చేసింది. రెండో కట్ట దిద్దేరోజు ఆయన టిఫిన్ బాక్సు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళగానే ఆయన షీటు లాక్కుని, ఉన్నవి ఉన్నట్టు తన షీటులో ఎక్కించేసింది. పదిహేడో పేపరు దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. వాళ్ళ నాన్నకు సెలవు దొరికిన రోజు గురించి ఒక పిల్ల పేజీ నిండా రాసింది. ఆయన సున్నా వేశారు. కళ్ళు మూసుకుని తనూ సున్నా వేసింది.

మార్కులు కలిశాయి. నరహరి సంతోషం చెప్పనలవి కాదు. శనివారం ఇరవైమంది టీచర్లను పిలిపించి, దిద్దిన కట్ట వాళ్ళ చేతికిచ్చి, ఎలా దిద్దాలో చెప్పమని మాస్టారిని నిలబెట్టాడు. సుగుణమ్మ వెనక వరసలో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

ఒక టీచరమ్మ లేచింది. “సార్, గీ పదిహేడో పేపర్‌కు సున్నా ఎందుకేసిన్రు?”

మాస్టారు కాగితం అందుకుని కళ్ళజోడు సవరించుకున్నారు. “గా దినం మా నాయిన ఇంట్లనే ఉన్నడు. అందరం ఒక్కకాడ కూసోని తిన్నం” అని పైకే చదివారు. మొత్తం చదివి, కాగితం అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నారు.

“ఎవడు, ఎవడు దీనికి సున్నా వేసిన దౌర్భాగ్యుడు? నాలుగుకి నాలుగు వెయ్యాల్సిన రాత!”

నరహరి బిత్తరపోయాడు. “సార్... షీట్ మీద మీ సంతకమే ఉన్నది.”

మాస్టారు సంతకం చూసుకున్నారు. తిప్పి చూశారు, మళ్ళీ చూశారు. జాతరలో తప్పిపోయిన పిల్లాడిలా అందరి ముఖాల్లోకీ వెతుక్కుంటూ చూశారు. ఆ చూపు సుగుణమ్మ భరించలేకపోయింది. లేచి నిలబడింది.

“ఆయన వెయ్యలేదు. రెండు షీట్లూ నేనే నింపాను, చదవకుండా. మొదటి కట్టలోనూ ఆయన మార్కులు నేనే మార్చాను. నన్ను నమ్మి సంతకం పెట్టారు, అంతే. నీ పరీక్షలో ఏ లోపమూ లేదు నాయనా. ఇంకెవరిచేతనైనా దిద్దించుకో.”

నరహరి రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండు వేరువేరు చేతిరాతలని ఎవరికైనా తెలుస్తుంది. అతను తలెత్తి ఆమె వైపు చూసి, మళ్ళీ దించేసుకున్నాడు.

“సరే మేడమ్” అన్నాడు మెల్లగా.

మాస్టారు మాత్రం ప్రతి మాటా నమ్మారు. “పసిపిల్ల రాత చదవకుండా సున్నా వేశావా? నువ్వా, సుగుణా?” అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఎన్ని తిట్టుకున్నా ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

క్యాంపస్ దాటి తార్నాక చౌరస్తా దాకా ఆయనే ముందు నడిచారు. అక్కడ ఆగిపోయారు. ఎటు తిరగాలో తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

“ముట్టుకోకు” అని విదిలించుకున్నారు.

చేసేదేముంది! ఆమె ముందు నడిచింది, నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ. ఆయన ముఖం పక్కకి తిప్పుకుని వెనకే వచ్చారు. ఆ రాత్రి ప్రార్థనలో సుగుణమ్మ కుళ్ళికుళ్ళి ఏడ్చింది. “ప్రభువా, అన్నీ మరిపిస్తున్నావు కదా, ఇదొక్కటీ తొందరగా మరిపించు” అని వేడుకుంది.

వారం తిరిగింది. పొద్దున్నే కాఫీ తెస్తే, ఇవాళ ఏ వారం అని రెండుసార్లు అడిగారు. ఇది ఏ నెల అనీ అడిగారు. గ్లాసు మాత్రం ఆమె చేతిలోంచి అందుకోలేదు. కిటికీ దగ్గర పెట్టి వెళ్ళమన్నారు.