ఈ ముఖం ఇక లేదు

సెవెరీనా ఇంట్లోంచి మొదట రొట్టె పోయింది. దాని వెనకే బంగాళాదుంపలు, ఆ తరువాత చక్కెర, చివరికి పంది కొవ్వు. వాటి బదులు ఉప్పులేని చేపముక్కలూ, పచ్చి ఆకులూ, నీళ్లలో వేస్తే బంకబంకగా ఉబ్బే ఏవో నల్ల గింజలూ వచ్చి అలమరలో కూర్చున్నాయి.

"చక్కెర తింటే చర్మం సాగిపోతుందమ్మా" అంది సెవెరీనా తల్లితో.

ఎనభై రెండేళ్ల రాయ్నా తన చేతుల వంక ఒకసారి చూసుకుంది. "సాగాల్సిందంతా సాగి ఊరుకుందే. ఇప్పుడు పస్తులుంటే మళ్లీ బిగుస్తుందా?"

మాట అంది గానీ కూతురితో పోట్లాడలేదు. పక్కింటి తోన్కా దగ్గర కొవ్వు డబ్బా ఒకటి దాచుకుని, కూతురు బయటికి వెళ్లినప్పుడల్లా అక్కడికి పోయి రెండు రొట్టెముక్కల మీద రాసుకుని తినేసి, మూతి తుడుచుకుని వచ్చేది. ముసలితనంలో దొంగతిండి తినాల్సి వచ్చిందే అన్న బాధకంటే, ఆ తిండికి వచ్చిన కొత్త రుచే ఆమెకు ఎక్కువ.

ఫ్రిజ్‌లో పెరుగు పెట్టడానికి చోటుండేది కాదు. అన్నీ సీసాలే. గులాబీ నూనె, రెటినాల్, హైలురానిక్ ఆమ్లం, విటమిన్ సి, వీటన్నిటికీ పైన నత్త జిగురు. వానాకాలంలో పాలకూర మడి నాశనం చేస్తున్నాయని తన చిన్నప్పుడు తండ్రి బూటుకాలితో తొక్కి చంపిన నత్తల్ని గుర్తు చేసుకుని, అయ్యో, ఎంత అందం మట్టిపాలైందో అని రాయ్నా ముక్కు మీద వేలేసుకునేది.

ఉన్నమాట చెప్పాలి. ఆ సీసాలు సెవెరీనాకి కొంత మేలే చేశాయి. ఎండలోకి వెళ్లే ముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి చొప్పున ఏళ్ల తరబడి విడవకుండా రాసుకున్న మనిషి. యాభై ఎనిమిదేళ్లకు యాభై ఏళ్లదానిలా ఉంది. బుద్ధున్నవాళ్లకి అది చాలు. కానీ యాభై ఎనిమిదిని యాభైగా చూపించే క్రీము కోసం ఎవరు ఎగబడతారు? ఆ ప్రశ్న వేసినవాడు దోచెవ్. ప్లోవ్‌దివ్‌ నగరంలో క్రీముల కంపెనీ పెట్టకముందు ఇంటి పైకప్పు పెంకులు అమ్మేవాడు. పెంకుల మీద పగుళ్లకి పూత పూసి కొత్తవని అమ్మిన చెయ్యి, ముఖాల దగ్గర మాత్రం ఎందుకు ఆగుతుంది? పళ్లు మాత్రం పింగాణీ సామానులా తళతళలాడించుకుని తిరిగేవాడు. పైన పటారం, లోన లొటారం.

పోయిన శరదృతువులో సెవెరీనా తల్లిని వంటింటి ట్యూబులైటు కింద నిలబెట్టి, తలగుడ్డ తీయించి, ఫోటో తీసింది. ఆరోగ్య కార్డుకి కావాలంది. రాయ్నా నమ్మింది. ఆ ఫోటో కథేమిటో శుక్రవారం మధ్యాహ్నం గానీ ఆమెకు తెలియలేదు. ప్లోవ్‌దివ్ వెళ్లి జుట్టూ గోళ్లూ చేయించుకుని మర్నాడు అతిథుల బస్సులోనే వస్తానని చెప్పి, సెవెరీనా గుమ్మం దగ్గర ఆగింది.

"రేపు సాయంత్రం దాకా గడప దాటకమ్మా."

"ఎందుకే? ఎండకి నా చర్మం కందిపోతుందా?"

"అది కాదు. రేపు మన ఊరి పఠన మందిరం హాల్లోనే క్రీము విడుదల. సోఫియా నగరం నుంచి ఆడవాళ్లొస్తున్నారు, పత్రికలవాళ్లొస్తున్నారు. తెర మీద రెండు ఫోటోలేస్తారు. క్రీముకి మునుపు, క్రీము తరవాత." కూతురు బూటు జిప్పు లాక్కుంటూ తల ఎత్తకుండానే చెప్పింది. "మునుపటిది నీ ఫోటో."

రాయ్నాకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అంటే నేను నువ్వన్నమాట."

"ఒక్క రోజేనమ్మా. పోలికలు ఉన్నాయిగా, ఎవరికీ అనుమానం రాదు. మన ఊరివాళ్లు ఎలాగూ రారు, వాళ్లనెవరూ పిలవలేదు. నిన్ను చూస్తేనే చిక్కు. ఇది కుదిరితే దేశం మొత్తం అమ్మకాలు నాకే ఇస్తానన్నాడు దోచెవ్ గారు. రేపొక్క రోజు నువ్వు మా అమ్మవి కావనుకో, అంతే."

"అంతేనా! ఇంకా పెద్దదేదో అడుగుతావనుకున్నా" అంది రాయ్నా. కూతురికి అది ఎత్తిపొడుపులా వినపడలేదు. తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి రాయ్నాకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయినా కాదనలేదు కాబట్టి మాట ఇచ్చినట్టేనని, గడప దాటకూడదనే అనుకుంది.

ఆ మాట నిలబడనివ్వనివాడు ముద్రణాలయం కాంచో. పాపం, అతని తప్పేమీ లేదు. అతిథుల బల్లల మీద పెట్టడానికని సెవెరీనా అతనికి తల్లి ఫోటో, రెండు వాక్యాలు, తన పేరు ఫోనులో పంపి, ముప్పై కాగితాలు వెయ్యమంది. కాంచోకి ముప్పై ఏళ్లుగా కూడు పెడుతున్నది చావు కాగితాలు. ఆ ఊళ్లో ఎవరు పోయినా ఫోటో వేసి, నల్ల అంచు కట్టి, గుంజలకీ, బస్సు స్టాపుకీ, చర్చి తలుపుకీ, పోయినవారి గేటుకీ అంటించాల్సిందే. ఏడాది తిరిగితే మళ్లీ ఓసారి. పండుముసలి ఫోటో, కింద ‘ఈ ముఖం ఇక లేదు. శనివారం పదకొండింటికి పఠన మందిరంలో కలుద్దాం’ అన్న మాటలు, దాని కింద కూతురి పేరు చూశాక అతను ఇంకేమనుకుంటాడు? నల్ల అంచు వేశాడు. పైన శిలువ మర్చిపోయారని, అది కూడా తనే పెట్టాడు. రాయ్నా మంచి మనిషని కళ్లు తుడుచుకుని, శనివారం తెల్లారకుండానే తన చేత్తోనే తిరిగి అన్నీ అంటించాడు.

పదింటికి రాయ్నా పెరట్లో కోళ్లకి గింజలు వేస్తుంటే తోన్కా వచ్చింది. నల్ల తలగుడ్డ, ఒక చేతిలో పెద్ద గిన్నె, ఇంకో చేతిలో రెండు ఎర్ర పూలు. రాయ్నాని చూసి ఆమె పెట్టిన కేకకు కోళ్లు చెదిరిపోయాయి.

"రాయ్నక్కా! నువ్వు పోలేదా?"

"ఎక్కడికి పోతానే? సెవీ గడప దాటొద్దందిగా."

"అది కాదక్కా! చచ్చిపోలేదా అంటున్నా!"

"ఏమో, నాకెవరూ చెప్పలేదు." రాయ్నా పూల వైపు చూసింది. చచ్చినవాళ్లకే సరిసంఖ్యలో పూలు ఇస్తారని అక్కడ పసిపిల్లలకీ తెలుసు. "ఆ రెండు పూలూ నాకేనా?"

తోన్కా ఆమెను గేటు దగ్గరికి లాక్కెళ్లింది. రాయ్నా కాగితం చదివింది. రెండోసారి చదివాక నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎంత అధ్వాన్నంగా ఉన్నానే!"

"చచ్చినదాని మొహంలో కళెక్కడుంటుందిలే అనుకున్నా. పొద్దుట్నించీ ఏడుస్తూనే ఉన్నానక్కా, ఒట్టు. ఊరంతా బయల్దేరారు." తోన్కా గిన్నె మీది గుడ్డ తీసింది. చక్కెర పొడీ, అక్రోటు పొడీ చల్లిన ఉడికించిన గోధుమలు, చావింట పంచేవి. "సెవీ ఇంట్లో గోధుమలెక్కడివి? పిండిపదార్థమని పారబోసిందాయె. కూతురు పంచకపోతే నీ ఆత్మ ఘోషిస్తుందని నేనే వండుకొచ్చా."

రాయ్నా వేలు పెట్టి నాకింది. "చక్కెర బాగా వేశావే."

"అయ్యో, నీ పేరు మీద వండింది నువ్వే తింటావా! అపచారం!"

సెవెరీనాకి ఫోను చేశారు. పలకలేదు. అప్పుడు గానీ రాయ్నా నవ్వు తగ్గలేదు. ఊరంతా వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుని, ‘మీ అమ్మ పోయిందటగా’ అంటారు. అప్పుడు సెవీ ఏమంటుంది? ‘లేదు, మా అమ్మ ఇంట్లో నిక్షేపంలా ఉంది’ అంటే క్రీము పోతుంది, తల్లి మిగులుతుంది. అనకపోతే? అనకపోవడం ఎలా కుదురుతుంది, కన్నతల్లి చావు ఎవరైనా ఒప్పుకుంటారా! రాయ్నా తలగుడ్డ కనుబొమల దాకా లాక్కుంది.

"పద తోన్కా. నా చావు నేను చూడాలి."

పఠన మందిరంలో ముందు వరసల్లో సోఫియా ఆడవాళ్లు కూర్చున్నారు. ఏ వయసువాళ్లో పోల్చలేని మొహాలు. నవ్వితే పెదాలొక్కటే కదులుతున్నాయి. ఒళ్లో చిన్న చిన్న పళ్లేలు, వాటిల్లో నల్ల గింజలూ నాలుగేసి నేరేడు రంగు పళ్లూ. వేదిక మీద తెర, దాని మీద రెండు ముఖాలు. సెవెరీనా ముఖం కింద ‘ఇప్పుడు’ అనీ, రాయ్నా ముఖం కింద ‘మునుపు’ అనీ రాసి ఉంది. ఊరివాళ్లకి అందులో వింతేమీ కనపడలేదు. పాపం, మునుపు బతికే ఉంది కదా అనుకున్నారు.

వాళ్లు టోపీలు చేతబట్టుకుని, సరిసంఖ్య పూలతో, వరసగా వేదిక మెట్ల దాకా వచ్చేశారు. అందరికంటే ముందు కాంచో. రాయ్నా తలుపు పక్కన స్తంభం చాటున నిలబడి, తోన్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ దుఃఖంలో మేమూ ఉన్నాం సెవెరీనా" అన్నాడు కాంచో. "బంగారంలాంటి మనిషి."

సెవెరీనా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె అతని చేతిలోని కాగితం చూసింది, నల్ల అంచు చూసింది, నోరు తెరిచింది. ఇప్పుడంటుంది, అనుకుంది రాయ్నా. దోచెవ్ ఒక్క అంగలో సెవెరీనా పక్కకి వచ్చి చెవిలో ఏదో ఊదాడు. తరువాత మైకు అందుకున్నాడు.

"అమ్మలారా! ఇలాంటిది మీరెక్కడా చూసి ఉండరు. ఈ రోజు మనం పాత ముఖానికి అంత్యక్రియలు చేస్తున్నాం! ఊరంతా ఆ ముడతలకి వీడ్కోలు చెప్పడానికి వచ్చింది!"

సోఫియా ఆడవాళ్లు మురిసిపోయారు. చప్పట్లు కొట్టారు. ఒకావిడ లేచి ఫోను పైకెత్తింది. ఏం ఆలోచన, ఏం ఆలోచన అని ఒకరి మోచేయి ఒకరు పొడుచుకున్నారు. తెలివి తక్కువవాళ్లు చప్పట్లు కొడితే మూర్ఖత్వమూ కళే అవుతుంది. కాంచోకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. సెవెరీనా చెయ్యి వదలకుండా, "కష్టపడిందా తల్లీ, పోయేముందు?" అని అడిగాడు.

సెవెరీనా తల దించుకుంది.

"లేదు కాంచో అన్నా. నిద్రలోనే పోయింది."

రాయ్నా తోన్కా చెయ్యి వదిలేసింది. అంత కాలం ఆ పిల్లకి జ్వరమొస్తే కూర్చుని మేలుకున్న రాత్రులు, పెట్టిన ముద్దలు అన్నీ ఆ ఒక్క మాట ముందు పనికిమాలినవైపోయాయి. తోన్కా చేతిలోంచి గిన్నే, చెంచా తీసుకుని వరసలో జొరబడింది. చావు గోధుమలు తెచ్చిన మనిషికి దారి ఇవ్వనివాళ్లుండరు. దారిలో తల ఎత్తకుండా ఒక్కొక్కరి నోట్లో చెంచాడు పెడుతూ పోయింది. తిన్నవాళ్లు పోయినవారి కోసం అనాల్సిన మాటను అందరూ అన్నారు, ‘దేవుడు ఆమెను క్షమించుగాక’. సోఫియా ఆడవాళ్లు కూడా పిండిపదార్థం సంగతి మరిచి, ఆటలో భాగమని, నవ్వుతూ తిని అదే మాట అన్నారు.

సెవెరీనా ఎదుట నిలబడి రాయ్నా తలగుడ్డ వెనక్కి తోసింది.

"తీసుకో తల్లీ. మీ అమ్మ పేరు మీద."

తెర మీద ఒక రాయ్నా, తెర కింద ఒక రాయ్నా. కాంచో చేతిలోంచి టోపీ జారింది. ఊరివాళ్లు శిలువ గీసుకున్నారు. ముందు వరసలో చప్పట్లు ఒకచోట ఆగి, ఇంకోచోట ఆగి, పూర్తిగా ఆగిపోయాయి. కూతురు తల్లి కళ్లలోకి చూసింది. ఇంకా సమయం ఉంది. అమ్మా అంటే చాలు, రాయ్నా ఆ నిమిషంలో అన్నీ మరిచిపోయేది.

సెవెరీనా నోరు తెరిచి చెంచాలోది తీసుకుంది. నమిలింది. అందరికీ వినపడేలా అంది:

"దేవుడు ఆమెను క్షమించుగాక."

"నన్నెందుకే దేవుడు క్షమించడం? నేనేం చేశాను?" అంది రాయ్నా. గొంతు పెంచలేదు. "క్షమించాల్సింది నేను. బతికే ఉన్నాగా, నన్నడుగు."

సెవెరీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోయింది. అనే ముందు దోచెవ్ వైపు చూసింది.

రాయ్నాకి ఆ చూపు చాలు. వెనక్కి తిరిగి, గిన్నె తోన్కా చేతిలో పెట్టింది.

"మిగిలినవి కూడా పంచెయ్యవే. ఇందాక లేదు గానీ, ఇప్పుడు చావు జరిగింది."