సాగనంపు లేని పాట

నాచారంలో అట్టపెట్టెల ఫ్యాక్టరీ మీద నా రికార్డింగ్ గది. పదేళ్లుగా జానపదాలు రికార్డు చేసీ చేసీ చెవులు మొద్దుబారాయి. ఎవరైనా పాడతామని వస్తే ముందు నాకు ఆవలింతే వస్తుంది. అలాంటి నన్ను ఎల్లమ్మ కొలువుల్లో పాడే బైండ్ల సిద్దయ్య లేపి కూర్చోబెట్టాడు. చంకలో జమిడిక ఇరికించుకుని తీగ లాగి వదిలితే, పక్కగదిలో ఎవరో మూలుగుతున్నట్టుంది. ఎల్లమ్మను పిలిచే పాట. వీపు జల్లుమంది.

ముందు పిలుపు, ఆఖర్న మూడు నిమిషాలు సాగనంపు. పిలిచిన తల్లిని పంపించందే బైండ్లవాళ్లు జమిడిక కింద పెట్టరు. అది నాకూ తెలుసు, సీడీ వేయించే జనార్ధనరావుకూ తెలుసు.

"ఆ సాగనంపుడు ఎవడింటడయ్యా? తీసెయ్," అన్నాడాయన.

తీసేశాను. పైగా నా తెలివి కూడా చూపించుకోవాలి కదా! జమిడికను వెనక్కి తిప్పి మోగించాను. సిద్దయ్య గొంతును బావిలోంచి వచ్చేట్టు చేశాను. పిలుపునే మూడుసార్లు తిప్పి వేశాను. కోసేసిన మూడు నిమిషాలనూ కంప్యూటర్‌లో చోటు లేదని చెరిపేశాను.

రెండువేల ఎనిమిది బోనాలకు ఉప్పల్ అంతా అదే పాట. ఆటోల్లో అదే, మైకుల్లో అదే. "మస్తు భయమైతుందన్నా, నీదేనా?" అని టీకొట్టు తిరుపతి అడిగితే కాలరెగరేశాను. సిగ్గులేదు నాకు.

ఒక మధ్యాహ్నం సిద్దయ్య వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. దగ్గరికి జరిగితే తప్ప మాట వినపడడం లేదు.

"సారూ, మా ఇంటామె రుక్కమ్మకు శిగం వస్తదని, తల్లి మీదికొస్తదని మీకెరుకే గదా. మైకుల పాట రాంగనే ఊగుతాంది. పాట అయిపోతది, ఆమె దిగది. నేను ఉరికి సాగనంపు పాడితెనే దిగుతది. దినాం పదిసార్లు పాడిన. నిన్నటిసంది గొంతు లేస్తలేదు. ఆ ముక్క ఇయ్యిండ్రి, సెల్లుల పెడత."

"చెవులల్ల దూది పెట్టుమనరాదే?" అన్నాను విసుగ్గా.

"పెట్టినం సారూ. తల్లి చెవులకెల్లే వస్తదా?"

చెరిపేసిన సంగతి చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"కోసేటప్పుడు మస్తుసార్లు విన్నరు గదా. మీకు నోటికి వచ్చే ఉంటది."

"నాకా? నేను బైండ్లోణ్ణి కాదు మామా!"

"తల్లి కులమడుగుతదా? పంపెటోడు కావాలె, గంతే. రాండ్రి."

స్కూటర్ మీద పీర్జాదిగూడ పోయాం. ఒక్కటే గది. రుక్కమ్మ జుట్టు విరబోసుకుని నేలమీద ఊగుతోంది. పక్కింటి సాలమ్మ ఆమె భుజాలు పట్టుకుని తానూ అలసిపోయి ఏడుస్తోంది. రుక్కమ్మ పెదాలు పగిలాయి, మోకాళ్లు దోక్కుపోయాయి. బయట మైకు ఎప్పుడో ఆగిపోయింది. నేను గొప్పగా చెప్పుకున్న పని ఇదన్నమాట, అనుకున్నాను.

సిద్దయ్య జమిడిక తీగ లాగాడు. నేను నోరు తెరిచాను.

"సల్లంగ పో తల్లీ, వచ్చిన తొవ్వ పట్టి పో..."

రెండుచోట్ల శ్రుతి తప్పింది. మాట మరిచిన చోట సిద్దయ్య పెదాలు కదిపి అందించాడు. మూడు నిమిషాలూ పూర్తిగా పాడాను. రుక్కమ్మ భుజాలు మెల్లగా వాలాయి. లేచి రెండు చెంబుల నీళ్లు తాగి, నా వైపు చూసింది.

"కోసినోడివి నువ్వేనా బిడ్డా?"

"నేనే అమ్మా. తప్పయింది. ఇప్పుడే సెల్లుల రికార్డు చేసిస్త, ఎప్పుడంటె అప్పుడు పెట్టుకుందురు."

కోపం చేసే ఓపిక కూడా ఆమెలో లేదు. సాలమ్మ ఒళ్లో తల పెట్టుకుంది.

"మిషిన్‌తోని కోసినవ్. నోటితోని పంపు. బోనాలింక పదకొండు దినాలున్నయి. పొద్దుగాల్నే రా."

సరేనని చెప్పులు వేసుకోబోతుంటే సందులోకి ఒక ఆటో మలుపు తిరిగింది. నా పాటే. రుక్కమ్మ భుజాలు మళ్లీ ఊగసాగాయి. నేను చెప్పులు వదిలేసి, ఆమె ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాను.