భూతం పేజీ

మా మావయ్యగారు బొమ్మలు వేసిన పిల్లల పుస్తకం ఒకటే. పాత బొమ్మల పుస్తకాలు పోగేసే పిచ్చి నాకుంది కనుక దాని కాపీలు దొరికినన్ని కొన్నాను. అన్నింట్లోనూ ఒకే పేజీ లేదు, బావిలోంచి భూతం పైకొచ్చే పేజీ.

పిల్లలు జడుసుకుంటున్నారని తల్లులే చింపేశారట. పుస్తకాల కొట్టతను ఆ మాట అప్పట్లోనే ఆయన చెవిన వేశాడు. "పసివాళ్లని ఏడిపించాను" అని ఆయన పిల్లల బొమ్మలు మానేసి, సబ్బు డబ్బాల మీద పువ్వులు వేసి బతికారు. మొన్నమొన్నటిదాకా నా కూతురు కాగితం పట్టుకుని వెంటపడినా "నాకు రాదమ్మా" అనేవారు. ఆ అబద్ధం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయన చేత నా కూతురికి ఒక్క బొమ్మ వేయించాలని నా పంతం.

చింపేసిన భూతం బొమ్మ ఎవరి దగ్గరైనా ఉందా అని పేపర్లో ప్రకటన వేయించాను.

"చిత్తు కాగితం కోసం ప్రకటనా? నీకు పిచ్చి ముదిరింది," అన్నారు మావారు.

ఒక ఆదివారం ద్వారబంధం నిండా ఉన్న మనిషి వచ్చాడు. బస్సు డ్రైవరట. మడతల దగ్గర టేపు అతికించిన కాగితాన్ని బల్ల మీద పరిచాడు. భూతం! కుర్చీలో ఉన్న మావయ్యగారే దాన్ని వేశారని అతనికి తెలీదు. నేనూ చెప్పలేదు.

"అమ్మ చింపి చెత్తబుట్టలో పడేసిందండి. నేను తీసుకెళ్లి పరుపు కింద దాచుకున్నా."

"భయమెయ్యలేదా బాబూ?" అన్నారు మావయ్యగారు.

"ఎందుకెయ్యదండీ, చచ్చేంత భయం. అందుకే రోజూ తీసి చూసేవాణ్ణి. చూసిన కొద్దీ భయం తగ్గేది. చీకట్లో ఒక్కణ్ణే లేచి వెళ్లడం దీంతోనే అలవాటైంది." తర్వాత నావైపు తిరిగాడు. "చూపిద్దామనే వచ్చానమ్మా. ఇవ్వను."

నాకు ఉసూరుమంది. ఏం చేస్తాం, ఇచ్చేవాడైతే ఇన్నేళ్లు దాచేవాడు కాదు.

మావయ్యగారు కాగితాన్ని కళ్ల దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశారు.

"వేళ్లు పొట్టిగా వచ్చాయి," అన్నారు. నా కూతుర్ని పిలిచారు. "అమ్మడూ, నీ పెన్సిలు ఇటు తే. భూతాన్ని వేస్తాను. భయపడతావేమో మరి."

అది కుర్చీని ఆయన పక్కకి లాక్కుంది.

"భయపడతాను తాతయ్యా, వెయ్యి."