నూకాలమ్మ కదల్లేదన్నాను

జయంతి ఆ ఫొటోను మా అరుగు మీద పరిచినప్పుడు నాకు మొదట కనిపించింది నది కాదు, ఒడ్డు పక్కన ఒక తెల్ల చుక్క. సున్నం కొట్టిన నూకాలమ్మ గుడి. చూడగానే తెలిసింది. తెలిసింది కాబట్టే కళ్లజోడు తీసి తుడిచాను.

1954లో విమానంలోంచి బర్మాలోని మా దలా ఊరిని తీసిన ఫొటో అది. జయంతి నదికి అవతల పజుండౌంగ్ పేట పిల్ల. మ్యాపులు గీసే ఆఫీసులో పని. పాత ఫొటోను ఇప్పటి మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెడితే అప్పటి ఒడ్డు ఎక్కడుందో, నది ఎంత తిన్నదో గీత గీసి చూపించవచ్చట. ఆ గీతను బట్టి, వానలకు ముందు ఏ ఇళ్లను లోపలికి మార్చాలో ఒక సాయం చేసే సంస్థ జాబితా రాస్తుంది. ఫొటో కూర్చోవాలంటే అప్పుడూ ఇప్పుడూ ఒకే చోట ఉన్న గుర్తులు కావాలి. ఆమెకు మూడు దొరికాయి. పగోడా గోడ మూల, కాలువ మీది వంతెన, రెండు రోడ్లు కలిసే చోటు. ఒడ్డు దగ్గర మాత్రం ఏదీ మిగల్లేదు.

"ఈ గుడి ఎప్పుడూ ఇక్కడే ఉండేదా తాతా?"

ఎదురింటి గుమ్మంలో తులసమ్మ చేపలు తోముతోంది.

"అడుగమ్మా, పెద్దాయన్నే అడుగు. గుడి సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవులికి తెలుస్తాది?" అంది తలెత్తకుండా.

"ఇక్కడే. అమ్మ కదల్లేదు," అన్నాను.

జయంతి రాసుకుంది.

అమ్మ కదిలింది. నా నెత్తి మీదే కదిలింది. 1981 వానల్లో నది గుడి మెట్లు తిన్నాక అమ్మ రాయిని తవ్వి, పసుపు గుడ్డ కప్పి, నూట ఇరవై అడుగులు లోపలికి నేనే మోశాను. గంజాం నుంచి వచ్చిన మా తెలుగువాళ్లలో దానికో కట్టడి ఉంది. అమ్మను మార్చవచ్చు, మార్చామని అనకూడదు. రాయి కిందికి దిగిన క్షణం నుంచి ఆమె ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు. కాదన్నవాడి నోట పురుగులు పడతాయి.

కొత్త చోటుకు రెండు జాగాలు చూశారు. ఒకటి మా పెరడు. రెండోది తులసమ్మ మొగుడు అప్పలస్వామి వంగతోట. పెద్దల్లో మా మేనమామ ఉన్నాడు. ఆయన మాట మీద తోటలో దించాం. అప్పలస్వామి తన నేల తనకిమ్మన్నాడు. అది అడగాలంటే అమ్మను మార్చారని నోటితో అనాలి. అన్నాడు. పంచాయితీ పెట్టి, రాయి మీద చెయ్యి వేయించి, అమ్మ ఇంకెక్కడైనా ఉండేదా అని మోసినవాణ్ణే అడిగారు.

"లేదు," అన్నాను.

అక్కడున్న అందరికీ నిజం తెలుసు. అందరూ తలలూపారు. అప్పలస్వామి అబద్ధికుడయ్యాడు. చచ్చేదాకా పండక్కి అతన్ని అమ్మ ఘటం ముట్టనివ్వలేదు.

కట్టడి కోసం అలా చెప్పానని చాలా ఏళ్లు అనుకున్నాను. మా పెరట్లో అప్పుడు పది బెండ మొక్కలు, ఒక కోళ్ల గూడు ఉన్నాయి. వాటి కోసం చెప్పాను. ఇంటికి వచ్చాక నా భార్య రత్నం, "ఆ నోటితో ఇంక నా పేరు పిలవకు" అంది. పిలవలేదు. ముప్ఫై తొమ్మిదేళ్లు "ఏయ్" అనే పిలిచాను. అలాగే పోయింది.

ఆ తరం అంతా పోయింది. తెలిసినవాళ్లం ఇద్దరం మిగిలాం, నేనూ తులసమ్మా.

మూడు వారాల తర్వాత జయంతి సంతోషంగా వచ్చింది.

"తాతా, మీ వీధి జాబితాలో లేదు! డెబ్భై ఏళ్లలో నది ఇక్కడ నలభై అడుగులే వచ్చింది."

నూట అరవై వచ్చింది. నేను నడిచిన నేల అది.

"ఆ లెక్క ఎలగొచ్చింది?"

"మొదట నాలుగు గుర్తులూ కలవలేదు. ఒకటి అతికిస్తే ఇంకోటి జరిగిపోయేది. ఏదో ఒకటి తప్పని మా ఆఫీసు పెద్దావిడ తిట్టింది. పగోడా మూల తీసేశాను. తీయగానే అన్నీ అతికిపోయాయి."

"పగోడా తప్పా?"

"గోడ ఎప్పుడో మళ్లీ కట్టి ఉంటారు. మీ గుడి తప్పు కాదుగా, మీరు చెప్పారు కదా!"

పగోడా అబద్ధమైంది, నేను నిజమయ్యాను.

తులసమ్మ తన గుమ్మంలోంచి అంతా వింది. "మంచిదేనమ్మా. మా వంటిల్లు నదిలోకి ఊగుతున్నాది. ఆ మ్యాపు ఒకటి ఇచ్చీసి ఎల్లు, నదికి సూపెడతాను," అంది.

జయంతికి నవ్వాలో వద్దో తెలియలేదు. నా వైపు చూసింది. నేను మళ్లీ కళ్లజోడు తీసి తుడిచాను.

నాలుగు రోజులకు, పొద్దుటి పోటులో తులసమ్మ వంటిల్లు పోయింది. పొయ్యి, కుండలు, కర్ర మెట్లు అన్నీ పోయాయి. ఆమె వీధి చివరికి నీళ్లకు వెళ్లింది కాబట్టి మిగిలింది. నేను వెళ్లి పరామర్శించలేదు. చొక్కా వేసుకుని ఫెర్రీ ఎక్కాను.

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. జయంతి కుర్చీ చూపించింది. నిలబడే చెప్పాను.

"మీరే మోశారా?"

"నానే."

"మరి నాతో ఎందుకు..." అంది. "ఆ పెద్దాయన అబద్ధం చెప్పరని మా పెద్దావిడతో మూడు వారాలు పోట్లాడాను తాతా. ఇదే కుర్చీలో కూర్చుని."

ఆమె అటు తిరిగి, గుడి గుర్తు తీసేసి పగోడా మూలను తిరిగి పెట్టింది. కంప్యూటరు మీద పాత ఒడ్డు గీత నదిలోకి దూరంగా జరిగింది. పదకొండు ఇళ్లు జాబితాలోకి వచ్చాయి. మొదటిది తులసమ్మది. ఆ మాట ఆమె నాతో చెప్పలేదు, ఫోన్లో తులసమ్మతోనే చెప్పింది.

ఇంటికి తిరిగి వచ్చేసరికి తులసమ్మ మా అరుగు మీద కూర్చుని ఉంది. పంచాయితీ తర్వాత ఆమె మా అరుగు ఎక్కడం అదే మొదలు.

"పిల్లకి చెప్పొచ్చినావట బావా."

"ఔను."

"పిల్లకి చెప్తే ఆయన మీదున్న మాట పోతాదేటి? ఆదివారం గుడి కాడ చెప్పు. అందరూ ఉండగా."

"కట్టడి ఉంది కదా..."

"నీ నోట్లో పురుగులు పడితే నాను ఏరతాన్లే. చెప్పు."

ఆదివారం ముప్ఫై మంది దాకా వచ్చారు. చెప్పాను. రాయి, వంగతోట, ప్రమాణం, అన్నీ. అప్పలస్వామి నిజం చెప్పాడు, నేను చెప్పలేదు అన్నాను. రాళ్లు పడతాయనుకున్నాను. ముందున్న కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. గుడి పనులు చూసే సంజీవ్, "తాత ఏమంటున్నాడు?" అని పక్కవాణ్ణి బర్మా భాషలో అడిగాడు. వాళ్లకు మన మాట సగమే అందుతుంది.

"బర్మాలో చెప్పు," అంది తులసమ్మ.

తెలుగులో అయితే అమ్మ అనీ కట్టడి అనీ కప్పుకోవడానికి మాటలున్నాయి. బర్మాలో నాకు వచ్చినవి బజారు మాటలే. "వాడి నేల తీసుకున్నాం. వాడు అడిగాడు. నేను అబద్ధం ఆడాను. నా పెరడు కోసం." అంతే మిగిలింది.

"అంతేనా?" అన్నాడు సంజీవ్. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. "నది మళ్లీ గుడి దాకా వచ్చీసింది తాతా. మళ్లీ జరపాలి. ఆ సంగతి మాట్లాడదాం."

వెనక ఎవరో నవ్వారు. టీ వచ్చింది. ఎటు జరపాలన్న మాట మొదలైంది. నలభై మూడేళ్లు ఒక మనిషి మెడ మీద కాలు పెట్టి నిలబెట్టుకున్న నా మాట వాళ్లకు టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు.

తులసమ్మ లేచి నా ముందుకు వచ్చింది.

"ఆయన పేరు చెప్పు. ఇంటిపేరుతో. అందరికీ ఇనపడాలి."

నోరు తెరిచాను. ఇంటిపేరు గుర్తు రాలేదు. ఎదురింటివాడు, నాతో కలిసి ఊరి బడిలో కూర్చున్నవాడు. ఎంత వెతికినా రాలేదు.

"కోరాడ," అంది తులసమ్మ.

"కోరాడ," అన్నాను.

"అప్పలస్వామి."

"అప్పలస్వామి," అన్నాను.

"గట్టిగా," అంది.