అయిదు వాట్ల మంగతాయారు

గోదావరి నడుమ లంకకు సెల్లు గోపురము నిలిపితిమి ఇక మాటకు లోటు లేదని కాగితముమీద వ్రాసికొని కుర్చీలలో కూలబడిన యధికారులారా, ఆ గోపురము వఱద వచ్చిన తొలినాడే కన్నుమూసినదని మీకెవ్వరు చెప్పిరి? చెప్పుటకు మాకు దారి యేది? ప్రతి లంకకు నొక చిన్న రేడియో యంత్రము నొసగుడని మేమర్జీ పెట్టినప్పుడు, అయిదు వాట్లతో దీపమైన సరిగా వెలుగదే మాట యెట్లు పోవునని పకపక నవ్వితిరి. ఆ అయిదు వాట్లు చేసిన పని చెప్పెదను. నోరు మూసికొని వినుడు.

అది శ్రావణమాసము. మధ్యాహ్నమయ్యును సూర్యబింబము కానరాని నీలమేఘావృతాకాశముక్రింద, ఎగువ కొండల వర్షధారలను ద్రావి మదించి తీరకదళీవనములను గెలలతోడనే పెకలించుకొని వచ్చు కావిరంగు గోదావరి బొరుసులంకను నలుదెసల జుట్టి గర్జించుచుండెను. గట్టెక్కిన గేదెలు తడిసిన చెవులు విదల్చుచు నీటివైపు బెదరిన చూపులు చూచుచుండెను.

తంతి కార్యాలయమున ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి గైకొన్న మంగతాయారు లంకలోని బడి వసారాలో తన రేడియో ముందఱ పీట వేసికొని కూర్చుండెను. విడిభాగములు దెప్పించి తానే యతికికొన్న ఆ యంత్రము తమలపాకుల పెట్టెయంతది, చవక సెల్లుఫోను వెలకు మించనిది, మోటారుసైకిలు బ్యాటరీతో బ్రదుకునది. దాని తీగ యొక కొస కొబ్బరిచెట్టునకును మఱియొక కొస వెదురుగెడకును గట్టబడి గాలికి వణకుచుండెను.

లోపలి గదిలో నూకరత్నము తొలికాన్పు నొప్పులు పడుచుండెను. బిడ్డ యడ్డము తిరిగెనని మంత్రసాని చేతులెత్తివేసెను. పట్టణమునుండి మరపడవ రావలెను, అదియు దక్షిణపు రేవునకే రావలెను. ఏలయన, పడవలు వచ్చుట కలవాటైన యుత్తరపు రేవు తెగిపోయి, దాని విరిగిన రాతిమెట్లు పడవ పొట్ట చీల్చుటకు నీటిక్రింద పొంచియుండెను.

మంగతాయారు మీట నొక్కి, ఆవలి పట్టణమున సైకిళ్ల దుకాణము నడపు దొరబాబును మోర్సు సంకేతములతో బిలిచెను. ప్రతి సాయంకాలము వారిద్దఱు ఆకాశమార్గమున ముచ్చటించుకొనువారే. వాని మీటనొక్కు తొట్రుపాటును బట్టి వానికి జలుబు చేసెనో లేదో ఆమె చెప్పగలదు. వార్త పంపినదే తడవుగా ప్రత్యుత్తరము టకటకలాడెను.

"ఏటంటున్నాడండమ్మా?" అని నూకరత్నము అత్తగారు చిట్టెమ్మ యాత్రముగా నడిగెను.

"అయిదు, తొమ్మిది, తొమ్మిది అంటున్నాడు. గంట కొట్టినట్టు వినపడిందట. పడవ పంపిస్తాడట."

"హమ్మయ్య! మీ చెయ్యి చల్లగుండ!"

కాని మంగతాయారు మోము చిన్నబోయెను. ఈ రేడియో ప్రియులలో నొక యాచారము కలదు. ఎదుటివాని ధ్వని చీమనడకవలె నున్నను, పాపము నొచ్చుకొనునేమో యని, సంపూర్ణముగా వినబడెననుటకు గుర్తైన ఆ అయిదు తొమ్మిది తొమ్మిదిని మర్యాదకు వేయుదురు. తంతి కార్యాలయపు టాచారము వేఱు. అంకెను, ఊరిపేరును తిరిగి యప్పగింపనిదే వార్త యందినట్లు కాదు. దొరబాబు రేవు పేరప్పగింపలేదు.

"వీడి మర్యాద మండిపోను! చిట్టెమ్మా, బల్లెక్కి ఆ గెడ పైకెత్తి పట్టుకో. ఇంకా పైకి!"

ఏ రేవు, అని మీట ప్రశ్నించెను. బదులు లేదు. వర్షఘోష మాత్రమే. ఏ రేవురా, అని మరల ప్రశ్నించెను. ఎట్టకేలకు దొంగపిల్లి యడుగులవలె సంకేతములు వచ్చెను.

"సగమే వినపడిందట. ఎప్పుడూ వచ్చే రేవే అనుకున్నాడట." ఆమె నొసలు కొట్టుకొనెను. "వాణ్ణని ఏం లాభం, మూడేళ్లుగా నేనూ వాడికి తొమ్మిదులే వేస్తున్నానే!"

వానలో ముద్దయై గెడ నెత్తి నిలిచిన చిట్టెమ్మ కస్సుమనెను. "ముందు రేవు చెప్పండమ్మా! తొమ్మిదులు తరవాత లెక్కెట్టుకుందురుగాని!"

అంతట మంగతాయారు పసిపాపకు గోరుముద్దలు దినిపించునట్లు ఒక్కొక్క యక్షరమే నిదానముగా బంపెను. దొరబాబు ఒక్కొక్కటే తిరిగి యప్పగించెను. దక్షిణపు రేవు. అప్పటికే త్రాడు విప్పుచున్న పడవను వాడు సైకిలుమీద పరుగున బోయి యాపి దారి మార్పించెను. దక్షిణపు రేవున నాగిన యా పడవ మంత్రసాని తోడుగా నూకరత్నమును పట్టణపు టాసుపత్రికి గొనిపోయెను.

సంధ్యవేళకు వానియొద్దనుండి మరల పిలుపు వచ్చెను. మంగతాయారు విని, చిట్టెమ్మ తడిసిన తలపై చేయి వేసెను.

"ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. రేవు పేరు అడిగినట్టే ఈ కబురూ రెండుసార్లు అడిగాను, అప్పగించాడు. ఇంకోటి కూడా అన్నాడు. నా ధ్వని వినపడీ వినపడకుండా ఏడుస్తోందట! సచ్చినోడు, ఇన్నాళ్లకి నిజం చెప్పాడు."

అయ్యలారా, లంకలలో నంతయు క్షేమమని మీరు పైవారికి వ్రాయునదియు ఆ తొమ్మిదుల మర్యాదయే. మానుడు. వచ్చు శ్రావణమునకు ముందే ప్రతి లంకలోను ఒక రేడియో, దానికొక బ్యాటరీ, మీట నొక్కనేర్చిన యిద్దఱాడువాండ్రు ఉండవలెను. ఈ మాట మీకు వినబడినచో, అందినదని ముద్రవేసి పంపకుడు. ఏ రేవో తిరిగి యప్పగింపుడు.