మూరెడు పొడవు క్లెమ్ బండి

రెక్స్‌కి మతి తప్పిందని డెల్మా అందట.

పోస్టాఫీసు కౌంటరు వెనక నిలబడి, పార్సెలు మీద సంతకం పెట్టించుకుంటూ అందట. అరవై ఆరు నిండాయి, గొర్రెల మందని అల్లుడికి అప్పజెప్పాడు, ఇప్పుడు వారానికో బొమ్మకారు ముక్క తెప్పించుకుంటున్నాడు, మొన్న నాలుగు టైర్లొచ్చాయి, ఒక్కోటీ సాసరంత ఉంది, పాపం గ్లెనిస్... అని.

ఆ పాపం గ్లెనిస్సే నాకీ మాట మోసుకొచ్చింది. నా భార్య. రెక్స్‌ని నేనే. ఊరి మాటని రొట్టెతో పాటు వేడి తగ్గకుండా ఇంటికి చేర్చడం ఆమెకి నలభై ఏళ్ళ అలవాటు.

"నువ్వేమన్నావే?"

"బొమ్మకారు కాదు డెల్మా, కొలతలన్నీ సరిగ్గా పదో వంతు అన్నాను. దాంతో ఇంకా గట్టిగా నవ్వింది."

నవ్వనీ.

షెడ్డులో టంకం వాసన. సన్నటి పొగ లేచి, రేకు కప్పు కింద కాసేపు తచ్చాడి, తలుపు సందులోంచి బయటి గాలిలో కలిసిపోతుంది. బయట మాలీ పొదల మీద గాలి. మా నేల మీద గాలి ఆగదు. ఎండాకాలం ఉత్తరం నుంచి, చలికాలం సముద్రం నుంచి... వస్తూనే ఉంటుంది.

బల్ల మీద మూరెడు పొడవు బండి.

నా బండి కాదు.

క్లెమ్ బండి.

*

క్లెమ్ హైన్రిక్‌ది మా పక్క పొలం. పక్క అంటే నాలుగు కిలోమీటర్లు.

అతనికో పాత డీజిల్ ట్రక్కు ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే చోటు. వెనక చదును తొట్టి. తొట్టిలో నీళ్ళ ట్యాంకు, పంపు, చుట్ట చుట్టిన గొట్టం. కోతల రోజులొస్తే మా వైపు ప్రతి రైతు బండి మీదకీ ఆ ట్యాంకు ఎక్కాల్సిందే. ఎండుగడ్డికీ నిప్పురవ్వకీ మధ్య మేం పెట్టుకునే కాపలా అది.

నాలుగేళ్ళ కిందట, జనవరి నడి ఎండాకాలంలో, ఉత్తరపు గాలికి పొలాలంటుకున్న రోజున, ఆ బండి మా ఇంటికొచ్చింది.

వచ్చింది కాబట్టి నేను టంకం పెడుతున్నాను. వచ్చింది కాబట్టి గ్లెనిస్ రొట్టె తెస్తోంది. వచ్చింది కాబట్టే డెల్మా నవ్వుకోవడానికి మేమిద్దరం మిగిలాం.

ఆ రోజు నేను కదలనన్నాను. మా తాత కట్టిన ఇల్లు, నీళ్ళున్నాయి, పంపుంది, నేను కాపాడుకుంటానన్నాను. మొండివాడికి మంట కూడా మర్యాద ఇస్తుందనుకున్నాను. పంపు ఆగిపోయింది. బకెట్టు అందుకున్నాను. మిట్టమధ్యాహ్నం చీకటి పడింది. ఆ చీకట్లోంచి రెండు దీపాలు...

క్లెమ్ మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఉన్ని దుప్పట్లు ట్యాంకు నీళ్ళతో తడిపి మా మీద పడేశాడు. సముద్రం వైపు తోలాడు.

పొగ ఒక్క క్షణం చీలింది. నేను వెనక్కి చూశాను. దూరాన క్లెమ్ వాళ్ళ ఉన్ని కత్తిరించే షెడ్డు. నూరేళ్ళది. దాని కప్పు రేకు ఇంకా మెరుస్తోంది.

సాయంత్రానికి అది లేదు. మా ఇల్లూ లేదు. ఆ బండి కూడా — మమ్మల్ని ఇసుక మీద దింపాక ఇంజను ఆగిపోయి, మళ్ళీ లేవలేదు. పాత ఇనుము కింద పోయింది.

మేం ఉన్నాం.

ట్యాంకు నిండా నీళ్ళుండగా, తన షెడ్డుని దాని ఖర్మానికి వదిలేసి, నా మొండితనం కోసం నాలుగు కిలోమీటర్లు వచ్చాడు క్లెమ్. ఆ మాట అతనికి చెప్పాలి. నాలుగేళ్ళుగా అది నా గొంతులో బార్లీ ముల్లులా ఉంది. మింగుడు పడదు. బయటికి రాదు.

*

మా వైపు థాంక్స్ చెప్పడం అంత తేలిక కాదు.

చెప్పబోతే అవతలివాడు "సర్లేరా" అంటాడు. ఆ సర్లే గేటులాంటిది. వేసి గొలుసు తగిలిస్తాడు. ఇంక అటు పోలేవు.

గ్లెనిస్ కేకు చేసి రేకు డబ్బాలో పెట్టి పంపుతుంది. మా దగ్గర డబ్బా ఖాళీగా తిరిగి రాకూడదు. మూడో నాటికి క్లెమ్ తెచ్చిస్తాడు. లోపల కోడిగుడ్లో, జెట్టీ మీద పట్టిన చేపో. మళ్ళీ కేకు. మళ్ళీ చేప. నాలుగేళ్ళలో ఆ డబ్బా మీద పువ్వుల బొమ్మ అరిగిపోయింది గాని, చెప్పాల్సిన మాట మాత్రం ఎవరి గడపా దాటలేదు.

అందుకే బండి.

డబ్బాలో పట్టనిది. ఎదురుగా తేవడానికి చేప లేనిది. సర్లేరా అని గేటు వెయ్యడానికి వీల్లేనిది.

*

ఒకే ఒక్క ఫొటో ఉంది. వ్యవసాయ ప్రదర్శన రోజు ఎవరో తీసింది. అందులో బండి సగమే పడింది. మిగతా సగం నా తలలో ఉంది.

కొలిచాను. పదితో భాగించాను. కోశాను. తప్పు కోశాను. మళ్ళీ కోశాను.

అడుగున ఉక్కు పట్టీలు. ఒంటికి పల్చటి ప్లాస్టిక్ పలక — కత్తితో గీసి, విరిచి, అతికించి. ముందు కంగారూలు తగలకుండా ఉండే కమ్మీ, కంచె తీగ వంచి చేశాను. నీళ్ళ ట్యాంకు — గ్లెనిస్ మోకాళ్ళ మాత్రల డబ్బా. తుప్పుకి దాల్చినచెక్క పొడి. జిగురు మీద చల్లి, ఊది, పైన కాస్త రంగు అద్దితే, సాక్షాత్తూ తుప్పే.

"నా దాల్చినచెక్క సీసా ఎక్కడ పెట్టావయ్యా?"

"క్లెమ్ తలుపుకి అంటించాను."

"మంచిది. ఆపిల్ కేకు కూడా అతని తలుపునే చెయ్యమను."

డ్రైవరు తలుపు మీద పొట్టేలు కుమ్మిన సొట్ట ఒకటుండేది. కొవ్వొత్తి సెగ చూపించి బొటనవేలితో నొక్కాను. మొదటిసారికే కుదిరింది.

అవతలి తలుపుకి గొళ్ళెం లేదు. క్లెమ్ దానికి తీగ చుట్టేవాడు. నేనూ చుట్టాను, జుట్టంత సన్నటి తీగ, పట్టకారుతో, ఊపిరి బిగబట్టి. ఆ రోజు నేను ఎక్కిన తలుపు అదే. బయటినుంచి క్లెమ్ ఆ తీగ విప్పుతుంటే అతని వేళ్ళు ఒక్కసారి కూడా జారలేదు. నావి ఇప్పుడు, నాలుగేళ్ళ తర్వాత, షెడ్డు నీడలో కూర్చుని తీగని రెండుసార్లు జారవిడిచాయి.

చక్రాల లోపల గాలాలకి కట్టే సీసం గుండ్లు పేర్చాను. బరువు కిందుండాలి. బరువు కిందున్న బండి ఎక్కుతుంది. పైనున్నది పల్టీ కొడుతుంది. మనుషులూ అంతేనని గ్లెనిస్‌తో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

చలికాలం పోయింది. గోధుమ వెన్నులు బయటికొచ్చాయి. గులాబి రంగు చిలకల గుంపు కంచె మీద వాలి, అరిచి, లేచిపోయింది. మళ్ళీ వాలింది.

అక్టోబరులో బ్యాటరీ పెట్టాను.

*

మళ్ళీ కట్టుకున్న ఇంటి వసారాలో దింపాను. రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. మీట మెల్లగా నొక్కాను.

బండి కదల్లేదు.

వణికింది.

ముందు చక్రాలు ముందుకి. వెనక చక్రాలు వెనక్కి. ఉన్నచోటే, గొలుసు తెంపుకోలేని కుక్కలా, ఒళ్ళంతా వణుకుతూ...

గ్లెనిస్ గుమ్మంలో నిలబడి చూసింది. చూసి, తీరిగ్గా అంది.

"నీ నాలుగేళ్ళ బతుకూ అచ్చు దించావు కదయ్యా. క్లెమ్ ఇంటికి పోదామని ముందో కాలు, వద్దులెమ్మని వెనకో కాలు."

ఈ పనికి దిగినవాడు ఎవడైనా ఒకసారి ఈ తప్పు చేస్తాడట. వెనక ఇరుసు డొల్లలో పెద్ద పళ్ళచక్రం ఒక పక్క కూర్చోవాలి. నేను రెండో పక్క కూర్చోబెట్టాను. అవే పళ్ళు. అదే గ్రీజు. అవే మరలు. కూర్చున్న పక్కే వేరు. అంతే, ముందుకి పొమ్మన్నకొద్దీ వెనక్కి లాగుతుంది.

విప్పాను. తిప్పి పెట్టాను. మర తర్వాత మర బిగించాను.

మీట నొక్కాను.

వసారా చెక్కల మీద, తొందర లేకుండా, ముసలి గొర్రెలా, క్లెమ్ బండి నడిచింది.

నేను కూర్చుండిపోయాను. గ్లెనిస్ వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, పిండి అంటించి వెళ్ళిపోయింది.

*

ఇంటి వెనక సున్నపురాతి గట్టుంది. మెట్లు మెట్లుగా, పగుళ్ళు పగుళ్ళుగా, వాగులోకి దిగుతుంది. మనిషికి నాలుగడుగులు. మూరెడు బండికి కొండ.

ఇలాంటి బండ్లని రాళ్ళెక్కించే ఆటకో నియమం ఉంది. బండి పడినా చేత్తో ముట్టకూడదు. దాని ముందు, మోటారుతో తిరిగే చిన్న కండెకి తాడు చుట్టి ఉంటుంది. ఆ తాడు కొక్కెం ఏ వేరుకో తగిలించడం వరకే నీ చెయ్యి. ఆపైన అదే తనని తాను లాక్కోవాలి.

పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు, ఒక్కణ్ణే నడిపి చూశాను. మూడో మెట్టు మీద పల్టీ కొట్టింది. నాలుగు చక్రాలూ ఆకాశానికి. చూసేవాళ్ళు లేరు. ఎత్తి నిలబెడితే ఎవడడుగుతాడు?

ఎత్తలేదు.

కొక్కెం తీసుకెళ్ళి ఉప్పుపొద వేరుకి తగిలించాను. తాడు బిగిసింది. బండి మూలిగింది. ఒరిగింది. ఆగింది... తిరిగి నిలబడింది. దాల్చినచెక్క తుప్పు మీద నిజం మట్టి పడింది. ఇంకా అందంగా ఉంది.

క్లెమ్‌ని ఆదివారం రమ్మన్నాను.

*

వచ్చాడు. డబ్బా తెచ్చాడు. లోపల చేప ముక్కలు. గ్లెనిస్ చేతికిచ్చి, టోపీ తీసి, అప్పుడు చూశాడు.

రాతి మీద తన బండి.

గాలి వీచింది. గడ్డి అటు ఒరిగి ఇటు లేచింది. మోకాళ్ళు చిటపటమంటుండగా గొంతుక్కూర్చున్నాడు. ఒక్క వేలితో ట్యాంకు తట్టాడు. గొట్టం చుట్ట చూశాడు. తలుపు తీగ చూశాడు. సొట్ట మీద బొటనవేలు పెట్టాడు. సరిపోయింది.

"సొట్ట ఇంకాస్త కిందకుండాలిరా."

"ఫొటోలో అక్కడే ఉంది."

"ఫొటోకేం తెలుసు? ఆ పొట్టేలు నాది."

రిమోట్ ఇచ్చాను. ఉన్ని కత్తెర తిన్న వేలితో, చివర గోరు లేని ఆ పాత వేలితో, మీట మీద పడీపడనట్టు నొక్కాడు. బండి కదిలింది. మొదటి మెట్టు. రెండో మెట్టు. అతని భుజాలు బండితో పాటు ఒరుగుతున్నాయి. అడుగు కూడా తొక్కుతున్నాడు, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు.

"ఈ బండికంటే నువ్వే ఎక్కువ ఊగుతున్నావు క్లెమ్," అంది గ్లెనిస్.

"నోర్మూసుకో. కొండెక్కుతున్నా."

మూడో మెట్టు. ముందు చక్రం గాల్లోకి లేచింది. బండి పక్కకి వాలింది. నా చెయ్యి దానంతట అదే ముందుకి పోయింది.

"చెయ్యి తియ్!"

తీశాను.

చక్రం గాల్లో. గాలి. గొట్టం కొస ఊగుతోంది...

క్లెమ్ ఒక్క జానెడు వెనక్కి తీశాడు. చక్రాలు పక్కకి తిప్పాడు. మళ్ళీ పెట్టాడు. టైరు రాతిని పట్టుకుంది. మెల్లగా, మెల్లగా, తొందర లేకుండా, సీసం గుండ్ల బరువంతా కిందికి దించుకుని, బండి పైకెక్కింది.

గట్టు మీద నిలబడింది. ఎండలో. మూరెడు పొడవున.

క్లెమ్ నవ్వాడు. నాలుగేళ్ళలో చూడని నవ్వు. చేప పట్టినప్పుడు కూడా చూడనిది.

నా గొంతులో ముల్లు కదిలింది.

"క్లెమ్."

"ఊఁ."

"ఆ రోజు నువ్వు నీ షెడ్డు వదిలేసి నా కోసం వచ్చావు." గాలి మాటని లాక్కుపోతుందేమోనని కొంచెం గట్టిగానే అన్నాను. "థాంక్స్ రా."

అనేశాను. నాలుగేళ్ళది, ఒక్క ఊపిరిలో పోయింది. తేలికయ్యాను. గేటు పడే చప్పుడు కోసం చూశాను — సర్లేరా...

పడలేదు.

క్లెమ్ బండినే చూస్తున్నాడు.

"నీ కోసం రాలేదురా. షెడ్డు అప్పటికే పోయింది. మా గేటు దగ్గర చెట్టు పడి మండుతోంది. మిగిలింది మీ దారొక్కటే. పారిపోతున్నా."

షెడ్డు అప్పటికే పోయిందట.

రేకు మెరవడం నేను చూశాను. చూశాననే అనుకుంటున్నాను. పొగలో ఏది మెరిసిందో... క్లెమ్ నా మీది బరువు దించుతున్నాడో, నిజమే చెబుతున్నాడో, అతని మొహంలో వెతికాను. ఎండ తిన్న మొహం. కళ్ళు బండి మీద. అక్కడ నాకు చదవడానికేమీ లేదు.

ఏదైతేనేం. కాళ్ళ కింద రాయి వెచ్చగా ఉంది. గోధుమ పచ్చగా ఉంది. గ్లెనిస్ నా పక్కన నిలబడి ఉంది, చేప వాసనతో, పిండి చేతులతో, బతికి.

ఆమె మాత్రం వదల్లేదు.

"పారిపోయేవాడివి పారిపోక, మా ఇంటి ముందు ఆగావెందుకు మరి?"

క్లెమ్ మీట నొక్కాడు. బండి గట్టు అవతలి వైపుకి, ఒక్కో చక్రమే, దిగడం మొదలుపెట్టింది. దాని మీంచి కళ్ళు తియ్యకుండానే నాతో అన్నాడు.

"బకెట్టు పట్టుకుని దారికడ్డంగా నిలబడ్డావు. గుద్దేసి పోనా?"